నీలి చందమామ, అధిక మాసం: ఆంగ్ల జాతీయాలపై పాఠకుల ప్రశ్నలకు జవాబులు

ఆంగ్ల జాతీయాల గురించి ప్రశ్నలు పంపమని గత సంచికలో కోరిన తరువాత ఓరుగల్లు నుంచి, చుట్టుపక్కల జిల్లాల నుంచి చాలా ఉత్తరాలు వచ్చాయి. వాటిలో ఎక్కువ భాగం ఒకే సందేహాన్ని రకరకాలుగా అడిగాయి: వాక్యంలోని పదాలన్నీ తెలిసినవే అయినా మాట ఎందుకు అంతుపట్టడం లేదు? దానికి విడిగా ఉపన్యాసం ఇవ్వడం కన్నా ఒక్కో ఉత్తరాన్ని పట్టుకుని మాట్లాడుకోవడం మేలనిపించింది. చోటు చాలక కొన్ని ఉత్తరాలను కుదించాను.

హనుమకొండ నుంచి ఒక ఉద్యోగార్థి: సార్, నేను ఎస్‌ఎస్‌సీ పరీక్షకు సిద్ధమవుతున్నాను. గైడులోని నాలుగు వందల ఇడియమ్స్‌ను అర్థాలతో సహా బట్టీ పట్టాను. వారం తిరిగేసరికి సగం మరిచిపోయాను, మిగిలిన సగం ఒకదానితో ఒకటి కలిసిపోతున్నాయి. మొన్న మాక్ టెస్టులో 'హాబ్సన్స్ చాయిస్' అంటే రెండు కష్టాల మధ్య ఎంపిక అని గుర్తించి మార్కు పోగొట్టుకున్నాను. ఏం చేయమంటారు?

పోగొట్టుకున్న ఆ మార్కు దగ్గరే మొదలుపెడదాం. థామస్ హాబ్సన్ కేంబ్రిడ్జ్‌లో గుర్రాలను అద్దెకు తిప్పిన మనిషి; 1631లో చనిపోయాడు. వచ్చినవారంతా బాగా పరుగెత్తే గుర్రాలనే అడుగుతుండటంతో అవి అలిసిపోతున్నాయని, లాయం తలుపుకు దగ్గరగా ఏది కట్టేసి ఉంటే దాన్నే తీసుకోవాలని, ఇష్టం లేకపోతే నడిచి పోవచ్చని ఆయన నియమం పెట్టాడని చెబుతారు. అంటే పేరుకు ఎంపికే గాని అక్కడ ఎంచుకోవడానికి ఏమీ లేదు. రెండు కష్టాల నడుమ ఇరుక్కున్నవాడికి మనం 'ముందు నుయ్యి, వెనుక గొయ్యి' అంటాం. ఆంగ్లంలో అది 'బిట్వీన్ ద డెవిల్ అండ్ ద డీప్ సీ'. హాబ్సన్ దగ్గరికి పోయినవాడికి నుయ్యీ లేదు, గొయ్యీ లేదు, ఒకే ఒక్క గుర్రం ఉంది. ఈ తేడా ఒక్కసారి కళ్లకు కట్టిందంటే ఆ ప్రశ్న మళ్లీ తప్పు పోదు.

ఇక నాలుగు వందల సంగతి. పెళ్లికి వచ్చిన నాలుగు వందల మంది పేర్లను హాజరు పట్టీ చదివినట్టు చదివితే ఎన్ని గుర్తుంటాయి? ఎవరు పిల్ల తరఫు, ఎవరు పిల్లగాడి తరఫు, ఎవరు ఎవరితో మాట్లాడటం మానేశారు అన్నది తెలిసినప్పుడే పేరు మనసులో నిలుస్తుంది. గైడులో జాతీయాలు అక్షర క్రమంలో ఉంటాయి, మన బతుకులో మాత్రం అవి సందర్భాల వారీగా ఉంటాయి. కాబట్టి నోటుపుస్తకంలో ఎడమ పక్కన అర్థం రాయకండి, సందర్భం రాయండి. 'అన్నదమ్ముల పంచాయితీలో మేనమామ వచ్చి పాత బాకీ ఎత్తాడు' అని రాసుకుని, దానికి ఎదురుగా 'యాడ్ ఫ్యూయల్ టు ద ఫైర్' అని రాయండి. మన 'అగ్నికి ఆజ్యం' దానంతట అదే గుర్తుకొస్తుంది. 'దొంగలు పడ్డాక తలుపుకు రెండో తాళం కొన్నారు' అన్నదానికి ఎదురుగా, గుర్రం పారిపోయాక లాయం తలుపు మూసే ఆంగ్ల జాతీయాన్ని రాయండి. 'చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం' దాని పక్కనే కూర్చుంటుంది. రోజుకు నాలుగు చాలు.

మరొక్క మాట. జాతీయంలో పదాలను మార్చే హక్కు మనకు లేదు. 'నల్లేరు మీద బండి నడక' అన్న మాటను కాలం మారిందని 'నల్లేరు మీద కారు నడక' అంటే వినేవాళ్లు నవ్వుతారు. అలాగే 'ఇట్స్ ఎ పీస్ ఆఫ్ కేక్' అనాల్సిన చోట 'ఇట్స్ ఎ స్లైస్ ఆఫ్ కేక్' అంటే అది నిజంగా కేకు ముక్క అయిపోతుంది, తేలికైన పని కాదు. వాక్యంలో తప్పును గుర్తించమనే ప్రశ్నల్లో ఇలాంటి మార్పులతోనే వల వేస్తారు.

వరంగల్ కొత్తవాడ నుంచి ఒక డిగ్రీ విద్యార్థిని: మాది దర్రీలు నేసే ఇల్లు. మా లెక్చరర్ ఫలితాల రోజున 'ఐ యామ్ ఆన్ టెంటర్‌హుక్స్' అన్నారు. నేను 'టెండర్ హుక్స్' అని రాసుకున్నాను, మెత్తని కొక్కేలు ఎలా ఉంటాయో అర్థం కాలేదు. ఈ మాటకు బట్టల నేతతో ఏదో సంబంధం ఉందని మా అన్నయ్య అంటున్నాడు. నిజమేనా?

మీ అన్నయ్య చెప్పింది నిజమే. ఈ ప్రశ్న కొత్తవాడ నుంచే రావడం నాకు చాలా సంతోషం కలిగించింది. ఇంగ్లండ్‌లో ఉన్ని బట్టను నేసిన తరువాత నీళ్లలో నానబెట్టి, కుమ్మి, చిక్కబరిచేవారు. తడిసిన ఉన్ని ఆరేటప్పుడు కుంచించుకుపోతుంది, ఒకవైపు ఎక్కువగా, ఒకవైపు తక్కువగా ముడుచుకుంటుంది. అలా కాకుండా ఊరి బయట మైదానంలో పొడవాటి కర్ర చట్రాలు నిలిపి, బట్టను వాటి మీద బిగలాగి ఆరబెట్టేవారు. ఆ చట్రం పేరు టెంటర్. దాని పైకర్రకూ కిందికర్రకూ వరుసగా వంచి కొట్టిన మేకులు ఉండేవి; బట్ట అంచులను వాటికి గుచ్చేవారు. ఆ మేకులే టెంటర్‌హుక్స్. నాలుగు వైపులా లాగి పట్టిన ఆ బట్టలాగా మనసు బిగుసుకుపోయి, ఏ కబురు వస్తుందోనని ఎదురుచూసే స్థితిని ఈ జాతీయం చెబుతుంది. లాగడం అనే అర్థమున్న లాటిన్ ధాతువు నుంచి ఆ పేరు వచ్చింది; 'మెత్తని' అనే అర్థమున్న 'టెండర్'తో దానికి పని లేదు. మీరు చేసిన పొరపాటు ఆంగ్లం మాతృభాషగా ఉన్నవారిలోనూ చాలామంది చేస్తారు, కాబట్టి చిన్నబుచ్చుకోకండి.

మీ ఇంట్లో మగ్గం దగ్గరికి వెళ్లి చూడండి. నేస్తున్న గుడ్డ అంచులు లోపలికి ముడుచుకుపోకుండా, రెండు చివరలా ముళ్లున్న కర్రను అడ్డంగా పెట్టి వెడల్పు నిలుపుతారు కదా. టెంటర్ కూడా ఆ పనినే వేరొక దశలో, వేరొక కొలతలో చేసేది. తెలుగులో మనం 'ముళ్ల మీద కూర్చున్నట్టుంది' అంటాం. అందులో కూర్చున్నవాడి బాధ ఉంది, ఆంగ్లంలో లాగినవాడి బిగువు ఉంది. ఫలితాల రోజుకు రెండూ సరిపోతాయి.

అదే పని నుంచి వచ్చిన మరో మాట 'డైడ్ ఇన్ ద వూల్'. నేసిన తరువాత పైపైన అద్దిన రంగు కాదు, వడకకముందే ఉన్నికి పట్టించిన రంగు. ఒక అభిప్రాయమో అలవాటో మనిషిలో పోగుపోగునా ఇంకిపోయి, ఇక మారదని చెప్పడానికి దీన్ని వాడతారు. నూలుకు ముందే రంగు వేసి మగ్గానికెక్కించే ఇంటి పిల్లకు ఇంతకన్నా వివరించాల్సిన అవసరం లేదనుకుంటాను. 2018లో వరంగల్ దర్రీలకు భౌగోళిక గుర్తింపు వచ్చినప్పుడు ఆంగ్ల పత్రికల్లో వచ్చిన వార్తలు మీ ఇంట్లో దాచి ఉంటే, వాటిలో నేతకు సంబంధించిన ఆంగ్ల పదాలను ఏరి చూడండి. మీకు తెలిసిన పని గురించి చదివేటప్పుడు కొత్త మాట సులభంగా అంటుకుంటుంది.

నర్సంపేట నుంచి ఒక రైతు: మా అబ్బాయి హైదరాబాద్‌లో చదువుతున్నాడు. ఇంటికి ఎప్పుడొస్తావని ఫోన్‌లో అడిగితే 'వన్స్ ఇన్ ఎ బ్లూ మూన్' అని నవ్వాడు. చందమామ నీలంగా ఉండటం నేను పుట్టి బుద్ధెరిగిన నాటి నుంచి చూడలేదు. అసలు అలాంటిది ఉంటుందా?

మీ అబ్బాయి చెప్పింది 'అమాసకో పున్నానికో వస్తాను' అని. అయితే రెండు మాటల్నీ పక్కపక్కన పెట్టి చూస్తే మనది కాస్త ఉదారమైన జాతీయం. లెక్క ప్రకారం పదిహేను రోజులకొకసారి రావాలి. అయినా అమాసకో పున్నానికో వచ్చే మనిషి నెలల తరబడి కనిపించడని ఊళ్లో అందరికీ తెలుసు. జాతీయాన్ని లెక్కగట్టి చూడకూడదనడానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ నాకు దొరకలేదు.

ఇక నీలి చందమామ సంగతి. చంద్రుడు నిజంగా నీలంగా కనిపించిన సందర్భాలు ఉన్నాయి. 1883లో ఇండోనేషియాలోని క్రాకటోవా అగ్నిపర్వతం పేలినప్పుడు ఆకాశంలోకి ఎగసిన సన్నని ధూళి వల్ల చాలా చోట్ల చంద్రుడు నీలి ఛాయలో కనిపించాడు. అయితే ఆంగ్లంలో ఈ మాట అంతకు ముందే వాడుకలో ఉంది, కాబట్టి మాట అక్కడ పుట్టలేదు. ఇప్పుడు 'బ్లూ మూన్' అని పత్రికలు రాసేది రంగును గురించి కాదు, ఒకే ఇంగ్లిష్ నెలలో వచ్చిన రెండో పున్నమిని గురించి. ఈ అర్థం కూడా ఒక పొరపాటు నుంచి వచ్చింది. అమెరికాలో రైతుల పంచాంగం ఒకటి, మామూలుగా మూడు పున్నములు రావాల్సిన ఋతువులో నాలుగు వస్తే వాటిలో మూడో దానిని ఈ పేరుతో పిలిచేది. 1946లో ఒక ఖగోళ పత్రికలో వ్యాసం రాసినాయన దాన్ని నెలలో రెండో పున్నమిగా అర్థం చేసుకున్నాడు. సులభంగా ఉండటంతో లోకం ఆ పొరపాటునే ఉంచుకుంది.

దీని లెక్క మీకు నాకన్నా బాగా తెలుసు, ఎందుకంటే ఇది మన అధిక మాసం లెక్కే. పున్నమి నుంచి పున్నమికి ఇరవై తొమ్మిదిన్నర రోజులు. అలాంటి పన్నెండు నెలలు కలిపితే 354 రోజులే అవుతాయి, సూర్యుడి ఏడాదికి దాదాపు పదకొండు రోజులు తక్కువ. ఆ తరుగు పేరుకుని సుమారు ముప్పై రెండున్నర నెలలకు ఒక నిండు నెల అవుతుంది. దాన్ని మన పంచాంగం అధిక మాసంగా చేర్చి సరిదిద్దుతుంది. ఇంగ్లిష్ క్యాలెండర్‌లో అలా చేర్చే పద్ధతి లేదు కాబట్టి, మిగిలిపోయిన పున్నమి ఏదో ఒక నెలలో రెండోదిగా వచ్చి పడుతుంది. 2023 గుర్తుందా? ఆ ఏడాది అధిక శ్రావణం వచ్చింది. ఆగస్టు మొదట్లో వచ్చిన పున్నమి అధిక శ్రావణంలోది, ఆగస్టు చివర్లో వచ్చింది నిజ శ్రావణంలోని రాఖీ పున్నమి. ఆ రాఖీ పున్నమి చందమామనే ఆంగ్ల పత్రికలు 'బ్లూ మూన్' అన్నాయి.

ఈసారి ఫోన్ చేసినప్పుడు మీ అబ్బాయికి, నీలి చందమామ సగటున రెండు ముప్పావు ఏళ్లకోసారి వస్తుందని, అంతకాలం ఆగే ఓపిక మీ ఇంటి ఆవిడకు లేదని చెప్పండి.

కాజీపేట నుంచి ఒక సాఫ్ట్‌వేర్ ఉద్యోగి: లండన్ క్లయింట్‌తో మాట్లాడుతూ, చివరి నిమిషంలో ఒక కాంట్రాక్టర్ మాకు చెయ్యిచ్చాడని చెప్పబోయి 'హీ గేవ్ అస్ ఎ హ్యాండ్' అన్నాను. ఆయన 'వెరీ కైండ్ ఆఫ్ హిమ్' అన్నాడు. మా టీమ్ లీడ్ అందరి ముందూ నవ్వింది. నా తప్పేమిటి?

మీ తప్పు భాషది కాదు, చేతిది. తెలుగులో 'చెయ్యిచ్చాడు' అంటే నమ్మించి ముంచాడని. ఆంగ్లంలో 'గివ్ ఎ హ్యాండ్' అంటే సాయపడ్డాడని. అక్కడ మీరు చెప్పాల్సింది 'హీ లెట్ అస్ డౌన్'. అవయవాల మీద పుట్టిన జాతీయాలు రెండు భాషల్లోనూ లెక్కలేనన్ని ఉన్నాయి, చూడటానికి కవలల్లా ఉండి బుద్ధికి పరాయివాళ్లుగా ఉంటాయి. కాలు లాగడం ఇంకో ఉదాహరణ. ఎదుగుతున్నవాడిని చూసి ఓర్వలేక కాలు పట్టి కిందికి లాగేవాళ్లని మనం తిడతాం. ఆంగ్లంలో 'పుల్లింగ్ యువర్ లెగ్' అంటే సరదాగా ఆటపట్టించడం. మీ క్లయింట్ ఎప్పుడైనా ఆ మాట అంటే హెచ్‌ఆర్‌కు ఫిర్యాదు చేయకండి. 'చెయ్యి చేసుకోవడం', 'తల తినడం', 'చెవిలో పువ్వు పెట్టడం' అనేవాటిని పదానికి పదం పెట్టి ఆంగ్లంలోకి తీసుకుపోతే వినేవాళ్లకు భయం వేస్తుంది, ముఖ్యంగా తల తినే మాటకు.

భూపాలపల్లి నుంచి ఒక ఇంటర్ విద్యార్థి: 2023 జూలై వరదల మీద వ్యాసం రాయమంటే 'ఇట్ వాజ్ రెయినింగ్ క్యాట్స్ అండ్ డాగ్స్' అని మొదలుపెట్టాను. మా మేడమ్ ఆ వాక్యం కొట్టేసి, పక్కన ఏమీ రాయలేదు. వ్యాకరణం తప్పా?

వ్యాకరణం తప్పు కాదు, తూకం తప్పు. ఆ జూలైలో ఒక్క 24 గంటల వ్యవధిలో ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో 649.8 మిల్లీమీటర్ల వాన పడింది. మోరంచవాగు పొంగి మోరంచపల్లిని ముంచింది. మనుషులు ఇళ్ల కప్పుల మీదికెక్కి రక్షణ కోసం ఎదురుచూసిన వాన అది. 'క్యాట్స్ అండ్ డాగ్స్' అన్నది గొడుగు మరిచిపోయి తడిసి ఇంటికొచ్చినవాడు గుమ్మంలో నిలబడి అనే మాట. అందులో కాస్త హాస్యం ఉంది. జొనాథన్ స్విఫ్ట్ 1738లో అచ్చువేసిన సరదా సంభాషణల పుస్తకంలో కూడా అది మర్యాదస్తుల పిచ్చాపాటీలోనే కనిపిస్తుంది. అలాంటి మాటను వరద మీద పెట్టడం చావింట్లో జోకు వేసినట్టు అవుతుంది. మీ మేడమ్ పక్కన ఏమీ రాయకపోవడానికి కారణం బహుశా అదే. మీ ఊరి వానను మామూలు మాటల్లో, ఎన్ని గంటలకు నీళ్లు వాకిట్లోకి వచ్చాయో, ఏం ఎత్తి అటక మీద పెట్టారో రాయండి.

పాత ఇళ్ల గడ్డికప్పుల మీద పడుకున్న పిల్లులూ కుక్కలూ వానకు జారిపడటం వల్ల ఈ మాట పుట్టిందని ఒక కథ ప్రచారంలో ఉంది. వానొస్తే కుక్క ఇంటిలోకి దూరుతుంది గాని కప్పెక్కదు. ఆ కథను నమ్మకండి.

గోదావరిఖని నుంచి ఒక ఉపాధ్యాయుడు: 'క్యారీయింగ్ కోల్స్ టు న్యూకాసిల్' అనేదాన్ని పిల్లలకు 'ఎనుమాముల మార్కెట్‌కు పత్తి మోసినట్టు' అని చెప్పాను. సరైనదేనా?

మీరు ఊళ్లో ఉన్న బొగ్గును వదిలి వంద కిలోమీటర్లకు పైగా అవతల ఉన్న పత్తి దగ్గరికి ఎందుకు వెళ్లారో నాకు అర్థం కాలేదు. ఎనుమాముల మార్కెట్‌కు పత్తి మోయడం తెలివితక్కువ పని కాదు, సీజన్ మొదలైతే అందరూ చేసేదే. అది అమ్ముకునే చోటు. టైన్ నది ఒడ్డున ఉన్న న్యూకాసిల్ నుంచి వందల ఏళ్ల పాటు లండన్‌కు ఓడల్లో బొగ్గు వెళ్లింది. బొగ్గు బయలుదేరే చోటికే బొగ్గు పట్టుకుపోవడంలో ఉన్న వ్యర్థ శ్రమ ఆ జాతీయానికి ప్రాణం. 'గోదావరిఖనికి బొగ్గు మోసినట్టు' అని చెప్పండి, మీ తరగతిలో సింగరేణి కార్మికుల పిల్లలు మీకన్నా ముందే నవ్వుతారు. దీన్ని 'తాతకు దగ్గులు నేర్పడం'తో కొందరు కలిపేస్తారు. అది వేరు, తెలిసినవాడికి పాఠం చెప్పడం. దానికి ఆంగ్లంలో, అమ్మమ్మకు గుడ్డు పీల్చడం నేర్పే జాతీయం ఒకటి ఉంది. అక్కడ అమ్మమ్మ, ఇక్కడ తాత. ఇంత దగ్గరి చుట్టరికం మళ్లీ దొరకదు.

కరీంనగర్ నుంచి ఒక ఉద్యోగిని: మా ఆఫీసర్ గారి తండ్రి చనిపోతే సంతాప సందేశంలో 'కిక్ ద బకెట్' వాడవచ్చా?

వద్దు. అది 'బాల్చీ తన్నేశాడు' అన్నంత ఎగతాళి. 'పాస్డ్ అవే' అని రాయండి, 'కాలం చేశారు' అన్న మర్యాద అందులో ఉంది.

జనగామ నుంచి ఒక విశ్రాంత తెలుగు పండితుడు: గత సంచికలో మీరు 'బీట్ అరౌండ్ ద బుష్'కు 'అసలు విషయం చెప్పకుండా చుట్టూ తిప్పడం' అని వివరణ ఇచ్చి సరిపెట్టారు. మన భాషలో 'డొంకతిరుగుడు' అనే మాట ఉండగా, ఆ లోటు ఎందుకు మిగిల్చారో తెలియలేదు.

అయ్యా, ఒప్పుకుంటున్నాను. ఆంగ్లంలో ఆ మాట వేట నుంచి వచ్చింది: పొదల చుట్టూ కర్రలతో కొట్టి పిట్టలను లేపేవాళ్లు వేరు, వాటిని పట్టేవాళ్లు వేరు, కొట్టేవాడు ఎంత చప్పుడు చేసినా పిట్ట చేతికి రాదు. మన డొంక కూడా పొదలూ కంచెలూ కమ్ముకున్న దారే. తిన్నగా పోకుండా దాని చుట్టూ తిరిగే మాటే డొంకతిరుగుడు. రెండు భాషలూ ఒకే పొద చుట్టూ తిరిగాయి. నేను ఆ పొదను పక్కన పెట్టుకుని మూడు వరుసల వివరణ రాశాను. గత సంచిక దాచుకున్న పాఠకులు ఆ వివరణను కొట్టేసి, పక్కన ఈ ఒక్క మాట రాసుకోవాలని మనవి.